మైనంలో మూడు పోగులు

అర్చనకు అన్నిటికన్నా పెద్ద భయం అవ్వ చనిపోతుందని కాదు. అవ్వను లోపల్నుంచి తింటున్నదే తన కూతురు సహస్ర ఒంట్లో కూడా ఉందని ఎవరో ఒకరు కాగితం మీద రాసి, ముద్ర వేసి, చేతికిస్తారని. అవ్వకు అరవై మూడేళ్ళు. సహస్రకు నాలుగున్నర.

ఆ భయం మొదలైంది సోమవారం, ప్రొద్దుటూరు ఆసుపత్రిలో. డాక్టరు గదికి ముందున్న చిన్న గదిలో ఒక అమ్మాయి ఫారం నింపుతోంది. మెడలో స్టెతస్కోపు, చేతిలో నీలం కలం. పేరు ప్రమీలమ్మ, ఊరు జమ్మలమడుగు అని తలెత్తకుండానే రాసుకుంది.

"పేషెంటు మీకేమవుతారు?"

"అవ్వ. మా అమ్మకు అమ్మ."

"మరి ఈయన?" పక్కన నిలబడ్డ ప్రవీణ్‌ను చూసింది.

"ఆమె కొడుకు. మా ఆయన."

కలం ఆగింది. అమ్మాయి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వేళ్ళ మీద లెక్క కట్టుకున్నట్టు పెదాలు కదిపింది. "అంటే మేనమామను చేసుకున్నారు. పిల్లలున్నారా?"

"ఒక పాప."

"మీ వంశంలో ఇంకెవరికైనా క్యాన్సర్ వచ్చిందా?"

"లేదు."

మేనరికం అని రాసి, దాని కింద రెండు గీతలు గీసింది. ఎందుకు గీసిందో చెప్పలేదు. అర్చన అడగలేదు. సహస్ర కడుపులో ఉన్నప్పుడు స్కానింగు గదిలోనూ ఇదే ప్రశ్న అడిగారు, చెప్పాక ఇట్లాగే ఊరుకున్నారు.

లోపల డాక్టరమ్మ ఫిల్ము వెలుతురుకు పట్టుకుని చూసింది. ఎడమ ఊపిరితిత్తిలో గడ్డ. పులివెందులలో సూది వేసి తీసిన ముక్క రిపోర్టు ముందరే ఉంది. "పొగ తాగని ఆడవాళ్ళలో ఈ రకం వచ్చిందంటే, ఒక జీన్‌లో మార్పు ఉండే అవకాశం ఎక్కువ. ఆ మార్పు ఉంటే డ్రిప్పులు అక్కర్లేదు, రోజుకొక మాత్ర. కొంతమంది మూడు నాలుగేళ్ళు ఇంట్లో తిరుగుతూ, పని చేసుకుంటూ ఉన్నారు. లేకపోతే డ్రిప్పులే. అందుకే ముందు జీన్ టెస్టు చేయించాలి."

ఆ తర్వాత చెప్పినవి అర్చనకు సగం సగం వినబడ్డాయి. ముక్కను మైనంలో పెట్టి పులివెందుల ల్యాబులో దాచి ఉంచారు. ఆ మైనం దిమ్మ తెచ్చి ఇక్కడ కౌంటర్లో ఇస్తే, ప్రతి బేస్తవారం పదకొండుకు టెస్టు కంపెనీ మనిషి వచ్చి హైదరాబాదుకు తీసుకుపోతాడు. టెస్టుకు రూపాయి కట్టక్కర్లేదు. "ఒక్కోసారి ముక్క చాలదు. చాలకపోతే మళ్ళీ సూది వేయాలి, లేదా డ్రిప్పులు మొదలుపెట్టేయాలి. చూద్దాం."

జీన్ గురించి అర్చనకు తెలిసింది పదో తరగతిలోని బఠానీ మొక్కల పాఠం ఒక్కటే. పొడుగు మొక్క, పొట్టి మొక్క, తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి. పరీక్షలో బొమ్మ వేసి నాలుగు మార్కులు తెచ్చుకుంది. ఇంటర్ మొదటి ఏడాది సగంలో పెళ్ళి చేశారు. ఆ పాఠం తర్వాత ఏముంటుందో ఆమె చదవలేదు. ఇప్పుడా బొమ్మలో తన ఇంటిని పెట్టి చూసుకుంది. సహస్రకు తండ్రి నుంచి ఒకటి, తండ్రి అవ్వ కొడుకు. తల్లి నుంచి ఒకటి, తల్లి అవ్వ కూతురి కూతురు. ఏ గీత పట్టుకుని పైకి పోయినా అవ్వ దగ్గరికే చేరింది.

బయట బెంచీ మీద అవ్వ బత్తాయి ఒలిచి, తొనలు పక్కన కూర్చున్న ఎవరో ముసలాయనకు కూడా ఇస్తోంది.

"ఏమన్నిందే డాక్టరమ్మ?"

"మందులిస్తారంట అవ్వా."

"నన్ను సూసేటప్పుడు పొగ తాగినావా అని అడిగింది. నేను తాగలే తల్లీ, పొయ్యే తాగిపిచ్చింది అంటి." ముసలాయన నవ్వాడు. అవ్వ కూడా నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి తిరిగింది, దగ్గు ఆగేసరికి తొనలు చేతిలో నలిగిపోయాయి.

*

మంగళవారం ప్రవీణ్‌కు సిమెంటు ఫ్యాక్టరీలో పొద్దుటి షిఫ్టు. సహస్రను అవ్వ దగ్గర వదిలి అర్చనే పులివెందులకు పోయింది. ల్యాబులో తహసీన్ అనే అమ్మాయి ఉంది. అవ్వకు సూది వేసిన రోజు చెయ్యి పట్టుకుని నిలబడింది ఆ అమ్మాయే. తెల్ల కోటు మీదుగా నల్ల దుపట్టా వేసుకుని, చెక్క సొరుగులు ఒక్కోటీ లాగి నంబరు వెతికింది.

"దొరికిందక్కా. చూడు."

అగ్గిపెట్టెలో సగం ఉంది. చిన్న ప్లాస్టిక్ జల్లెడ లాంటి దాని మీద తెల్లటి మైనం, మైనంలో మూడు సన్నని పోగులు. లేత గోధుమ రంగు. చీర కొంగు చివర లాగితే ఊడివచ్చే పోగుల్లాగే ఉన్నాయి. అర్చనకు అది అవ్వ అని అనిపించలేదు.

"ఇంతేనా?"

"ఇది శానా ఎక్కువక్కా. నేనే కోసి సూసినా, బాగా వచ్చింది. టెస్టుకు సరిపోతాది." తహసీన్ దాన్ని కాగితం కవరులో పెట్టి పైన ప్రమీలమ్మ, 63 అని తెలుగులో గుండ్రంగా రాసింది. రిజిస్టరు తిప్పి సంతకం చేయించుకుంది. "ఎండ తగలనీయొద్దు, మైనం గదా. నేరుగా ప్రొద్దుటూరు కౌంటర్లో ఇచ్చేయ్. అందినట్టు నాకు ఒక ఫోను చెయ్. రాసుకోవాల."

అర్చన తలూపింది. పాపకు కూడా వస్తుందా అని అడగాలనుకుంది. వెనక ఇద్దరు నిలబడి ఉన్నారు. ఆమె పక్కకు జరిగింది.

అదే ఊళ్ళో అమ్మ ఇల్లు. పోతే తిని పొమ్మంటుంది, తింటుంటే ముఖం చూస్తుంది. అర్చన పోకుండా బస్టాండుకే వచ్చేసింది. ప్రొద్దుటూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, సంచి మీద చెంగు కప్పింది. మే నెల గాలి ఇనుప కడ్డీల మీదుగా వేడిగా తగులుతోంది. కవరును మధ్యమధ్యలో ముట్టుకుని చూసింది. కరిగితే బాగుండునేమో అని ఒకసారి అనుకుంది. అనుకున్నందుకు వెంటనే లెంపలు వేసుకుంది.

ముద్దనూరులో బస్సు పది నిమిషాలు ఆగింది. పక్కనే జమ్మలమడుగు బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

ఉందని రాసిస్తే? సహస్రకు జ్వరం వచ్చిన ప్రతిసారీ ఆ కాగితం చూపించాలి. బడిలో, ఆసుపత్రిలో, ఎప్పటికో పెళ్ళికి అడిగొచ్చినవాళ్ళకు. చూపించకపోయినా తనకు తెలిసే ఉంటుంది. పాపకు జడ వేసేటప్పుడు, అన్నం కలిపేటప్పుడు, నిద్రలో దగ్గినప్పుడు తెలిసే ఉంటుంది. రాయకపోతే లేదు. అవ్వకు డ్రిప్పులున్నాయి కదా, డాక్టరమ్మే చెప్పింది కదా.

"యాడికి దిగుతాండావమ్మా, నీ టికెట్టు ప్రొద్దుటూరు దాకా ఉండాదే?" కండక్టరు మెట్ల దగ్గర అడిగాడు.

"ఈడ పనుంది" అని దిగి, పక్క బస్సెక్కింది.

సాయంత్రం ప్రవీణ్ వచ్చాడు. కనురెప్పల మీద కూడా సిమెంటు దుమ్ము. తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటూ అడిగాడు. "ఇచ్చినావా?"

"ముక్క చాల్లేదంట మామా."

మాట అంత తేలిగ్గా వస్తుందని ఆమె అనుకోలేదు. డాక్టరమ్మ నోటి నుంచి వచ్చిన మాటే కాబట్టి ప్రవీణ్‌కు అనుమానం రాలేదు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు తుడుచుకున్నాడు. "అంత నొప్పి పెట్టి తీసి, చాల్లేదంటే ఎట్లా" అన్నాడు తువ్వాలు లోపల్నుంచే.

కవరు అప్పటికే దారాల డబ్బా అడుగున ఉంది.

*

అర్చన చీరలకు కుచ్చులు కడుతుంది. ప్రొద్దుటూరు అంగళ్ళవాళ్ళు చీరలు పంపుతారు. కొంగు చివర అడ్డపోగులు లాగేసి, నిలువు పోగులు మిగిల్చి, పదహారు పోగులొక జట్టుగా పట్టి, పట్టుదారంతో ముడి వేసి, పూస ఎక్కించి, కింద గోపురంలా చుట్టి కత్తిరించాలి. చీరకు అరవై కుచ్చులు. దారాల చిక్కు తీసి చుట్టేది అవ్వ. గడ్డ బయటపడినాక కూడా ఆ పని మానలేదు. "ఊపిరికి రోగమొచ్చింది గానీ ఏళ్ళకు రాల్యా" అంటుంది.

బుధవారం మధ్యాహ్నం ఇద్దరూ నాపరాళ్ళ నడవలో కూర్చున్నారు. మధ్యలో ఆకుపచ్చ చీర. సహస్ర ఊడదీసిన పోగులన్నీ ఏరి బొమ్మకు జుట్టు చేస్తోంది. దుమ్ముకు ఒకసారి దగ్గింది. అర్చన సూది చీరకే గుచ్చి వదిలేసి, పాపను ఒళ్ళోకి లాక్కుని వీపుకు చెవి ఆనించింది.

"మమ్మా, కితకితలు" అని పాప జారిపోయింది.

అవ్వ దారం చుట్టడం ఆపలేదు. "పొద్దున్నించి ఇది నాలుగోసారి."

"ఏంది?"

"దాని ఈపుకు చెవి పెట్టేది. ఏమినపడుతాదే నీకు?"

"ఏమీ లేదవ్వా. దగ్గుతాంటే చూస్తాండా."

అవ్వ చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య దారాన్ని ఎనిమిదిలా తిప్పుతూ పోయింది. "మొన్న ఆ స్టెతస్కోపు పిల్ల నిన్నేమడిగింది?"

"ఎప్పుడు?"

"మీరు లోపలికి పోకముందు. తలుపు సందులోనించి సూసినా. నీ మొగం మాడిపాయ."

అర్చన ముడి వేసింది. ముడి పక్కకు పోయింది. విప్పి మళ్ళీ వేసింది. "ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా అని. అందరినీ అడుగుతారు."

"నువ్వేమంటివి?"

"ఎవరికీ లేదంటి."

అవ్వ సహస్ర వైపు చూసింది. పాప బొమ్మ తల మీద ఆకుపచ్చ పోగులు ఉమ్మి తడితో అంటిస్తోంది. అవ్వ చాలాసేపు చూసింది, చేతులు వాటంతటవే దారం చుడుతున్నాయి. "దానికి అంతా నా మాదిరే" అంది చివరికి. "నుదురు, ముక్కు, కాలి చిటికెనేలు కూడా. పుట్టినప్పుడు సంతోషపడితి."

బేస్తవారం పదకొండు గంటలకు అర్చన గోడ గడియారం చూడకుండా ఉండాలని పెరట్లో బట్టలు ఉతికింది. ఉతికినవే మళ్ళీ ఉతికింది. ఆ సాయంత్రం ప్రవీణ్ ఆసుపత్రికి ఫోను చేసి ముక్క చాలలేదని చెప్పాడు. మళ్ళీ సూది వేయించుకుంటారో, డ్రిప్పు మొదలుపెట్టాలో సోమవారం వచ్చి చెప్పమన్నారు.

"డ్రిప్పే పెట్టమను" అంది అవ్వ మంచం మీంచి, అంత త్వరగా అన్నందుకు ప్రవీణ్ తిరిగి చూశాడు. "మళ్ళా సూది నావల్ల కాదప్పా."

*

శుక్రవారం పది గంటలకు తహసీన్ ఫోను చేసింది. అర్చన మిద్దె మెట్ల కింద నిలబడి మాట్లాడింది.

"అక్కా, దిమ్మ అందిందా? నువ్వు ఫోను చేయలే. ఈడ రిజిస్టర్లో కాలీగా ఉండాది. సారు అడుగుతాండాడు."

"ముక్క చాల్లేదన్న్యారు."

"ఎవరన్న్యారు?" తహసీన్ గొంతు మారింది. "నేను కోసి గాజు మీద పెట్టి సూసినానక్కా. చాలకపోవడమేంది? నిన్న కంపెనీ మనిషికే ఫోను చేస్తి. ప్రమీలమ్మ పేరుతో ఏదీ రాలేదంట." గొంతు తగ్గించింది. "ఇయ్యలేదా అక్కా?"

అర్చన గోడకు ఆనుకుంది. ఐదు రోజులుగా నోట్లో ఉన్నది ఒక్కసారిగా బయటికి వచ్చింది. గీతలు గీసిన సంగతి, మేనరికం, బఠానీ మొక్కలు, సహస్ర దగ్గు, ముద్దనూరులో దిగిపోవడం. "నా బిడ్డకు కూడా ఉందని రాస్తే నేను బతకలేను తహసీన్. నా వల్ల కాదు."

ఫోనులో తలుపు మూసిన చప్పుడు వినబడింది.

"అక్కా, నేను చెప్పేది ఇను. మా నాయన వలి బాషా ఈడ మోటర్లకు వైండింగు చేస్తాడు. నాకు తెలిసిన భాషలో చెప్తా. ఒంట్లో ప్రతి కణంలో అవే జీన్లుంటాయి. ఊపిరితిత్తిలో ఉండేవే గోరులో, కంట్లో. తేడా యాడుంటాదంటే, యాడ ఏది ఆన్‌లో ఉండాల, ఏది ఆఫ్‌లో ఉండాల అనేదాంట్లో. చేన్లో మోటరుకు ఆటో స్టార్టరు పెట్టి వస్తారు సూడు. కరెంటు వస్తానే అదే ఎత్తుకుంటాది. మడి తడిసినా ఆగదు, ఎవురో పోయి ఆపాల. పెరగమని చెప్పే స్టార్టరొకటి ప్రతి కణంలో ఉంటాది. పని అయితానే ఆగిపోవాల. మీ అవ్వకు అది ఆటోలో ఇరుక్కుపోయిందేమో. అది సూసే టెస్టే ఇది."

"అది పుట్టుకతో..."

"కాదక్కా! ఈ రకంలో దాదాపు అందరికీ అది పుట్టుకతో వచ్చేది కాదు. ఆమె ఊపిరితిత్తిలో, ఏదో ఒక కణంలో, ముసలైనాక పాడయింది. మీ అమ్మను, మీ ఆయనను కన్నప్పుడు అది ఆమె కడుపులో లేదు. లేనిది మీకెట్లొస్తాది? పక్క చేన్లో స్టార్టరు కాలిపోతే నీ చేన్లో మోటరు కాలిపోతాదా? మేనరికానికీ దీనికీ సంబంధం లేదు. ఆ పిల్ల గీతలు గీసింది వేరే రోగాల కోసం."

అర్చన మెట్టు మీద కూర్చుంది. సహస్ర పెరట్లో కోడిపిల్ల వెంట పరిగెడుతోంది. ఆ పరుగును ఐదు రోజుల తర్వాత మొదటిసారి మామూలుగా చూసింది.

"ఆ మాత్ర ఏం చేస్తాదంటే," తహసీన్ ఇంకా చెబుతోంది, "పోయి ఆ స్టార్టరును పట్టి ఆపుతాది. ఊరికే ఆలస్యం చేస్తే ఇంగో కష్టముంటాదక్కా. కణాలు ఒకదాన్నొకటి పట్టుకోనుండమని చెప్పే జీన్లు కూడా ఉంటాయి. అవి ఆగిపోతే చేతులు వదిలేస్తాయి. రక్తంలో పడి ఎముకకో, మెదడుకో పోయి ఆడ పెరుగుతాయి. అంతలోపలే పట్టుకోవాల. దిమ్మ ఉంది గదా నీ దగ్గర? ఈ పొద్దే తీసుకపోయి ఇచ్చేయ్. వచ్చే బేస్తవారం పోతాది. ఎవురూ నిన్నేమీ అనరు."

"ఉంది. పోతా. ఇప్పుడే పోతా."

దారాల డబ్బా నేల మీద బోర్లించింది. ఎరుపు, మెంతిరంగు, నెమలిపింఛం రంగు ఉండలు దొర్లిపోయాయి. పూసల పొట్లాలు, కత్తెర, సూదుల దిండు. కవరు లేదు. డబ్బా తట్టింది. మళ్ళీ ఉండలన్నీ ఒక్కోటీ పక్కకు పెట్టి చూసింది.

"అవ్వా!"

అవ్వ పెరట్లో నీళ్ళ పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. చెనక్కాయ పొట్టు చేటతో తెచ్చుకుని కొద్దికొద్దిగా పొయ్యిలోకి తోస్తోంది. పొగ ముఖం మీదికి వస్తే తల పక్కకు తిప్పుతోంది. డాక్టరమ్మ పొయ్యి దగ్గరికి పోవద్దని చెప్పింది.

"అవ్వా, డబ్బాలో ఒక కవరుండాల."

"ఉండె." అవ్వ పొట్టు తోసింది. "నిన్న పొద్దున ఏసినా. నువ్వు ఆ పక్కకు తిరిగి బట్టలు ఉతుకుతాంటివి."

"యాడేసినావు?"

అవ్వ పొయ్యి వైపు గడ్డం చూపించింది. "మైనం గదా. బాగా మండింది."

అర్చన వంగి పొయ్యిలోకి చూసింది. అవ్వ ఆమె ముఖం చూసి, పీట కొంచెం జరిపి, పక్కన నేల తట్టింది కూర్చోమన్నట్టు.

"పచ్చదారం కోసం చెయ్యి పెడితే తగిలింది. మీద నా పేరుండాది. కూడబలుక్కోని సదివినా. నువ్వు ముక్క చాల్లేదంటివి. ముక్క డబ్బాలో ఉండాది. నువ్వు ఊరికే అబద్ధం చెప్పే మనిషివి కాదు, చిన్నప్పుడు చక్కెర తిన్న్యా మూతి తుడుచుకోకుండా వచ్చి నిలబడేదానివి. అప్పుడు నువ్వు పాప ఈపుకు చెవి పెట్టేది గుర్తుకొచ్చింది. ఆ పిల్ల అడిగింది గుర్తుకొచ్చింది. ఇంగ ఎవరన్నా చెప్పాల్నా?" ఊపిరి అందక ఆగింది. అందినాక మళ్ళీ అంది. "దాచిపెడితే ఎప్పటికైనా ఎవరో ఒకరు తీస్తారే. నీకు కాల్చేంత గుండె లేదు. నాది గదా, నేనే కాల్చుకుంటి. అయిపాయ. ఇంగ పాప జోలికి ఎవురూ రారు."

"అవ్వా, అది పాపకు రాదు. ఇప్పుడే తహసీన్ చెప్పింది. అట్లాంటిది కాదంట. నీ ఒక్కదానికే, నీ ఊపిరితిత్తిలోనే..."

అవ్వ ఆమె చెంప మీద బూడిద చెయ్యి పెట్టింది. "రాదులే" అంది ప్రేమగా. "ఇంగ ఎట్లొస్తాది?"

*

ఆ సాయంత్రం ప్రవీణ్‌కు అన్నీ చెప్పింది. దిమ్మ, ముద్దనూరు, పొయ్యి. అతను అన్నం ముందు కూర్చుని విన్నాడు. అరవలేదు. కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలి, చెయ్యి కడుక్కుని, బండి తీసి బయటికి పోయాడు. గంట తర్వాత వచ్చి, "రేపు పోదాం. మళ్ళా సూది ఏపిద్దాం. అమ్మకు నువ్వే చెప్పాల" అన్నాడు. ఆ తర్వాత ఆమెతో ఇంకేమీ మాట్లాడలేదు.

శనివారం ప్రొద్దుటూరులో డాక్టరమ్మ అవ్వ వీపు మీద వేలితో తట్టి చూసింది, కింద భాగంలో చప్పుడు మందంగా వచ్చింది. నీళ్ళు చేరాయని చెప్పింది. "ముక్క పోయినా ఫరవాలేదు. ఈ నీళ్ళు తీసి పంపినా టెస్టు చేయొచ్చు. అదీ వద్దంటే చేతి నుంచి రక్తం తీసినా చాలు, కొన్నిసార్లు దాంట్లోనే దొరుకుతుంది. బేస్తవారం లోపల ఇస్తే చాలు."

అవ్వ రెండు చేతులూ కొంగు లోపలికి ముడుచుకుంది. "పెట్టేదేమన్నా ఉంటే పెట్టండి తల్లీ. తీసేది మాత్రం వద్దు."

"రక్తం చూడకుండా డ్రిప్పు కూడా పెట్టలేమమ్మా."

"అయితే అదీ వద్దు."

"అమ్మా!" ప్రవీణ్ ఆమె ముందు గొంతుకూర్చుని మోకాళ్ళు పట్టుకున్నాడు. "అది పాపకొచ్చేది కాదంట. డాక్టరమ్మే చెప్తాంది, ఇను."

డాక్టరమ్మ చెప్పింది. ఓపికగా, రెండుసార్లు, కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది. ఇది పుట్టుకతో వచ్చింది కాదు, మీ పిల్లలకు మీరు ఇచ్చింది కాదు, మీ మనవరాలికి ఏమీ లేదు. అర్చన ఫోనులో తహసీన్‌ను కలిపి స్పీకరు పెట్టింది. తహసీన్ కూడా స్టార్టరు సంగతి మొదట్నుంచీ చెప్పింది. అవ్వ అన్నీ వింది. మధ్యలో తలూపింది కూడా. అందరూ ఆగాక, డాక్టరమ్మకు దండం పెట్టింది.

"మీరంతా మంచోళ్ళు తల్లీ."

బస్టాండులో ప్రవీణ్ నీళ్ళ బాటిలు కోసం పోయినప్పుడు అర్చన చివరిసారి అడిగింది. బతిమాలింది. సహస్ర మీద ఒట్టు పెట్టబోయింది. అవ్వ చప్పున ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"బిడ్డ మీద ఒట్టేయొద్దే, మూర్ఖురాలా." చెయ్యి తీసి, ఆమె జాకెట్టు భుజం మీద అంటుకున్న పచ్చదారం పోగు ఒకటి గిల్లి పారేసింది. "ముక్క చాల్లేదని చెప్పినావు సూడు, మొగునికి, కండ్లలోకి సూస్తా. నేను ఆ పక్కనే మంచం మీదుండా. ఒక్క అచ్చరం వణకలే నీకు. అప్పుడు బిడ్డ కోసం చెప్పినావు, ఇప్పుడు నా కోసం చెప్తాండావు. వాళ్ళందరితో కూడా చెప్పిపిస్తాండావు. నాకు తెలీదా? నేనూ తల్లినే గదా."

ఆ తర్వాత అర్చన దగ్గర చెప్పడానికి నిజం తప్ప ఇంకేమీ మిగల్లేదు. అది పనికిరాలేదు.

ఆదివారం అర్చన వాళ్ళ అమ్మ పులివెందుల నుంచి వచ్చింది, ఏడ్చింది, చెప్పింది. కూతురి మాటా అవ్వకు అదే మాట అయింది. అందరూ ఒక్కటై కూడబలుక్కుని చెబుతున్నారని ఆమెకు గట్టిగా నమ్మకం కుదిరింది. ఎంతమంది చెబితే అంత గట్టిగా. ఇంట్లో అందరికన్నా ప్రశాంతంగా ఇప్పుడు ఉన్నది ఆమే. తిన్నంత తింటోంది, దారం చుడుతోంది, సహస్రను పక్కలో వేసుకుని జడ చిక్కు తీస్తోంది. ఎడమ తుంటిలో కొత్తగా నొప్పి అని మాత్రం నిన్నటి నుంచి అంటోంది. లేచేటప్పుడు గోడ పట్టుకుంటోంది.

జమ్మలమడుగు పాత బస్టాండు వెనక సందులో, కుచ్చులు కట్టే అర్చన ఇల్లు ఏదని అడిగితే ఎవరైనా చూపిస్తారు. ఈ ఇంటివాళ్ళు చెబితే ప్రమీలమ్మ నమ్మదు. వీళ్ళకు ఏమీ కాని మనిషి, ఎవరూ పంపని మనిషి చెబితే నమ్ముతుందేమో. కంపెనీ మనిషి ఈ బేస్తవారం పదకొండుకు వచ్చి పోతాడు, ఆమె చేతి నుంచి ఒక్క సూది రక్తం చాలు. మీలో ఎవరికైనా అంతలోపల ఆ దిక్కు పనిబడితే, దాహానికి నీళ్ళడిగినట్టు లోపలికి పోండి. ఆమె మజ్జిగే ఇస్తుంది, తాగండి. ఆమె పక్కన కూర్చోండి. పాప సంగతి మీరు ఎత్తకండి, ఆమే ఎత్తుతుంది. ఎత్తినాక, అది పాపకు వచ్చేది కాదని చెప్పండి. వినకపోయినా సరే, ఎట్లుందో ఒకసారి చూసి రండి.